పదకొండు ఒకట్లు

మన లిపిలో ఒకటి ముడుచుకుని పడుకుంటుంది,
చలికి కాళ్ళు కడుపులోకి లాక్కున్న పిల్లిలా.
వాళ్ళ ఒకటి నిలబడే ఉంటుంది.

హియుమా దీవి రేవులో, సముద్రం గడ్డకట్టిన జనవరిలో,
టికెట్ల గది కిటికీలోంచి ఎండెల్‌కి కనిపించేవి
మంచు దారికి గుర్తుగా పాతిన జునిపర్ కొమ్మలు.
పదకొండు. పన్నెండోదాన్ని పొగమంచు మింగేసింది.
పడవ లేదు, ప్రయాణికుడు లేడు, జీతం ఉంది.
పోయినేటి టికెట్లకు వెనకవైపు తెల్లగా ఉంది.

పదకొండు ఒకట్లూ వరసగా రాశాడు.
మనం చదివితే: వెయ్యిన్ని నూట పదకొండు కోట్ల
పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు.
ఎటునుంచి చూసినా అదే ముఖం,
అద్దానికి కూడా పని చెప్పని సంఖ్య.

రెండు ఒకట్లు భుజం కలిపితే ఎవరికీ లొంగవు.
మూడు కలిస్తే ముప్పై ఏడు వచ్చి విడదీస్తుంది.
పంతొమ్మిది కలిస్తే మళ్ళీ కొరకరాని కొయ్య,
అంతవరకు పాత పుస్తకంలో ఉంది.
పదకొండున్న పేజీ ఎవరో పొయ్యిలో వేశారు.

మూడుతో పోదు. ఏడుతో రెండు మిగిలింది.
దీన్ని కోయగల రంపం ఏదైనా
ఇరవై రెండేసి మెట్లెక్కి, పైన ఇంకొక్క అడుగు వేసి రావాలి.
ఆ నియమం అతనికి తెలుసు.
ఇరవై మూడు: శేషం పది.
అరవై ఏడు: పద్దెనిమిది.
ఎనభై తొమ్మిది: ఆరు.
రాత్రికి నాలుగు టికెట్లు, ఒక్కోసారి అయిదు.
పొయ్యిలో కట్టె తగ్గితే మూడే.

సల్మె వలలు అల్లుతుంది. కళ్ళు లెక్కపెట్టడం
ఆమెకి ఊపిరి తీయడం లాంటిది.
నల్ల రొట్టె, పొగబెట్టిన చేప తెచ్చి అడిగేది:
"ఇవాళైనా పోయిందా?"
"మిగిలింది."
"ఎంత?"
అతను చెప్పేవాడు. ఆమె తల ఊపేది,
ఎవరింట్లోనో జ్వరం సంగతి విన్నట్టు.

మార్చి మొదట్లో ఇరవై మూడు వేలు దాటాడు.
ఆ సాయంత్రం, ఏమీ తోచక,
పాత టికెట్ల కట్ట తిరగేస్తూ సల్మె ఒకచోట ఆగింది.
భాజకం ఇరవై ఒక్కవేల ఆరువందల నలభై తొమ్మిది.
శేషం సరిగ్గా పదివేలు.
"ఇంత గుండ్రంగా ఏదీ మిగలదు," అంది.
"మిగిలిందంటే ఎక్కడో ఒక కన్ను జారింది."

మళ్ళీ చేశారు, ఇద్దరూ, ఒకే దీపం కింద.
ఎనిమిదివేల నాలుగువందల నలభై మూడు రావలసిన చోట
నాలుగు అయిదై కూర్చుంది.
వందల స్థానం నుంచి ఒకటి అప్పు తెచ్చుకుని
తెచ్చిన సంగతే మరిచాడు.
అన్నీ ఒకట్లే ఉన్న సంఖ్య దగ్గర
ఒక్క ఒకటి ఎగ్గొట్టాడు!

సరిచేశాక కింద ఏమీ మిగలలేదు.
సున్నా.
రాసి, దానిమీద వేలు పెట్టి, తీయలేదు చాలాసేపు.
పైన లబ్ధం: అయిదు లక్షల పదమూడు వేల
రెండువందల ముప్పై తొమ్మిది.

"విరగ్గొట్టామా?" సల్మె అడిగింది.
"మనమా? అది పుట్టుకతోనే అతుకు.
మనకి కుట్టు కనబడింది, అంతే."

బయట మంచు ఎక్కడో దీర్ఘంగా చిట్లింది.
మర్నాటికి దారి మూసేశారు.
కొమ్మల్లో కొన్ని వాలిపోయాయి, కొన్ని తేలి పోయాయి.
ఎండెల్ ఒకటిని ఆ చిన్న భాజకంతో భాగించి చూశాడు:
నాలుగు సున్నాలు, నాలుగు, ఆరు, ఒకటి,
తొమ్మిది, ఒకటి, అయిదు, ఒకటి,
పదకొండు అంకెలు కాగానే మళ్ళీ మొదటి సున్నా,
అవతలి ఒడ్డు తాకి తిరిగొచ్చే పడవలా.

"పెద్దది ఇంకా విరుగుతుందా?"
"విరగదు. దాన్ని విరవగలిగినవన్నీ
జనవరిలోనే వచ్చి, ఓడి, వెళ్ళిపోయాయి."

సల్మె దారం పళ్ళతో కొరికింది.
"జనవరిలో అప్పులేవీ మరిచిపోలేదు కదా?"

ఎండెల్ ఏమీ అనలేదు.
రేవులో మొదటి పడవ కూత వేస్తుండగా
టికెట్ల కట్ట తాడు విప్పి
ఇరవై మూడు దగ్గర కూర్చున్నాడు.